కరెంటు లేకున్నా బతికే కల్చర్

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిన సంగతి రాష్ట్రమంతా చూసింది. కరెంటు స్తంభాలు కూడా ఆ చెట్లతోపాటే పడ్డాయి. ఉద్దానం అని పిలిచే ఆ తీర ప్రాంతంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అంతకు ఐదేళ్ల ముందు, 2013 అక్టోబర్ 12న, పైలిన్ తుపాను వచ్చినప్పుడూ ఇదే వరస. పలాస, టెక్కలి, సోంపేట, కవిటి వైపు ఇంట్లో చిన్న జీవశాస్త్ర ప్రయోగశాల పెట్టుకోవాలనుకునే వాళ్లు మొదట రాసుకోవాల్సినవి ఈ రెండు తేదీలే.

కల్చర్ నిల్వ అనగానే పుస్తకాలు ఫ్రిజ్‌తో మొదలుపెట్టి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌తో ముగిస్తాయి. పెద్ద ల్యాబులకు అది సరే, వాటికి జనరేటర్లు ఉంటాయి, రాత్రి చూసుకునే మనుషులుంటారు. మన ఇంట్లో ఉన్న ఒక్క ఫ్రిజ్‌లో పాలుంటాయి, నిన్నటి కూర ఉంటుంది, ఇంకా చెప్పాలంటే పెద్దవాళ్ల ఇన్సులిన్ ఉంటుంది. వాటి పక్కన బ్యాక్టీరియా గొట్టం పెట్టకూడదు, అది ఎంత సాధువైనా సరే. తినే కల్చర్ ఒక్కటే ఆ ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. అందుకని ఈ అధ్యాయంలో ఫ్రిజ్ లేదనుకునే మాట్లాడుకుందాం. పళ్లెం మీద గీతలు గీసి విడివిడి కాలనీలు తీయడం మీకు వచ్చనుకుంటున్నాను.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. కల్చర్‌ను బతికించడమంటే దానికి ఎప్పటికప్పుడు కొత్త మేత వేస్తూ ఉండడమని చాలామంది అనుకుంటారు. మన వంటిళ్లు చేసేది అదే. పాత తరం ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజి, బియ్యం కడుగు రోజూ అందులో పోసేవారు, పులిసింది తీసి వాడేవారు, కుండ అడుగున కొంత ఎప్పుడూ మిగిలేది. పెరుగు తోడూ అంతే, నిన్నటి చెంచాడు ఇవాళ్టి పాలలోకి. ఇది పెంపకం. నిల్వ వేరే విద్య.

లెక్క చూడండి. వంద చెంచాల పాలకు ఒక చెంచా తోడు వేశారు. ఆ బ్యాక్టీరియా మళ్లీ నిన్నటి సంఖ్యకు రావాలంటే వంద రెట్లు పెరగాలి. రెట్టింపు మీద రెట్టింపుగా చూస్తే ఆరు దాటి ఏడుకు దగ్గరగా తరాలు. రోజూ తోడు పెట్టే ఇంట్లో ఏడాదికి సుమారు 2400 తరాలు గడిచిపోతాయి. ప్రతి తరంలోనూ ఎక్కడో ఒక కణంలో చిన్న మార్పు రావచ్చు, మీ గిన్నెకు, మీ పాలకు, మీ ఎండకు నప్పిన కణం మిగతావాటిని తోసేయవచ్చు. అత్తగారింటి నుంచి తెచ్చిన తోడు రెండేళ్ల తర్వాత అదే తోడు కాదు. పెరుగు విషయంలో దీనివల్ల నష్టం లేదు, రుచి బాగుంటే చాలు. ఒక గుణం కోసం దాచుకున్న బ్యాక్టీరియా విషయంలో మాత్రం ఇది పెద్ద నష్టం.

ఇదే లెక్కను ప్రయోగంగా మార్చినవాడు రిచర్డ్ లెన్‌స్కీ. 1988 ఫిబ్రవరి 24న అమెరికాలో ఆయన 12 ఫ్లాస్కుల్లో ఒకే రకం ఈ-కోలై బ్యాక్టీరియాను మొదలుపెట్టాడు. రోజూ నూరో వంతు తీసి కొత్త ద్రవంలో వేయడం, అంతే. మన తోడు పద్ధతే. ఆయన అదనంగా చేసిన పని ఒకటుంది. ప్రతి 500 తరాలకు, అంటే దాదాపు 75 రోజులకు ఒకసారి, కొంత తీసి గ్లిజరాల్ కలిపి గడ్డకట్టించి దాచాడు. 30 వేల తరాలు దాటాక ఒక ఫ్లాస్కులోని బ్యాక్టీరియా, ఆక్సిజన్ ఉన్నచోట ఆ జాతి తినలేని సిట్రేట్‌ను తినడం మొదలుపెట్టింది. ఆ మార్పుకు దారి ఎప్పుడు పడిందో వెనక్కి వెళ్లి వెతకగలిగారంటే దాచిన పాత నమూనాల వల్లే. 2020 మార్చిలో కరోనా వచ్చి ల్యాబు మూసినప్పుడు ప్రయోగాన్ని గడ్డకట్టించి ఆపారు, తర్వాత అక్కడినుంచే కొనసాగించారు. పని నడిచిన తీరు చూస్తే, ఆ ప్రయోగానికి వెన్నెముక ఆ ఫ్రీజర్ డబ్బాలే అనిపిస్తుంది నాకు.

మనకు ఆ ఫ్రీజర్ లేదు. అయితే సూక్ష్మజీవిని నిద్రపుచ్చడానికి చలి ఒక్కటే మార్గం కాదు. తడి తీసేయవచ్చు, మేత తీసేయవచ్చు, గాలి తగ్గించవచ్చు. ఏ జీవికి ఏది పడుతుందో తెలుసుకోవడంలోనే ఉంది నేర్పంతా. మన ప్రాంతంలో దొరికేవాటితోనే చూద్దాం.

వేరు బుడిపెలతో మొదలుపెట్టమంటాను. వరి కోసిన మళ్లల్లో టెక్కలి చుట్టుపక్కల మినుము, పెసర చల్లుతారు. పూతకు వచ్చే వేళ ఒక మొక్కను మట్టితో సహా మెల్లగా పెకలించి, వేళ్లు కడిగి చూడండి. గుండ్రటి చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకటి చీలిస్తే లోపల గులాబీ రంగుంటే అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. లోపలున్న బ్యాక్టీరియాను మొదట విడిగా పెంచినవాడు హాలెండ్ శాస్త్రవేత్త బైజరింక్, 1888లో. దీన్ని దాచడానికి కల్చర్ చేయాల్సిన పనే లేదు. బుడిపెను చిన్న వేరు ముక్కతో సహా కత్తిరించి, మూత బిగుసుకునే చిన్న సీసాలో పెట్టండి. అడుగున సిలికా జెల్ గింజలు, వాటి మీద కాస్త దూది, దాని మీద బుడిపెలు. అవి ఎండిపోతాయి, లోపలి బ్యాక్టీరియా నెలల తరబడి అలాగే ఉంటుంది. పొలాలు తిరిగి సేకరించే శాస్త్రవేత్తలు వాడే పద్ధతి ఇదే. సిలికా జెల్‌లో నీలం రంగు గింజలు తీసుకోండి, గులాబీకి తిరిగాయంటే తేమ పట్టినట్టు. పెనం మీద సన్న సెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ రంగు మీద కన్ను ఉంచాలి.

కావాల్సినప్పుడు బుడిపెను మరగబెట్టి చల్లార్చిన నీళ్లలో నానబెట్టి, స్పిరిట్‌లో ఒక క్షణం ముంచి, బ్లీచ్ ద్రవంలో రెండు మూడు నిమిషాలు ఉంచి, శుభ్రమైన నీళ్లతో అయిదారుసార్లు కడిగి, చిదిమి, ఈస్ట్-మానిటాల్ అగార్ మీద గీయండి. లీటరుకు మానిటాల్ 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అర గ్రాము నుంచి ఒక గ్రాము, పొటాషియం ఫాస్ఫేట్ అర గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 0.2, ఉప్పు 0.1, అగార్ 15. ఇక్కడ ఓపిక ఒక పరీక్ష. మినుములో ఉండేది ఎక్కువగా నిదానంగా పెరిగే జాతి, కాలనీ కనిపించడానికి వారం పైన పట్టవచ్చు. రెండో రోజుకే పళ్లెం నిండిపోయిందంటే పైన అంటుకున్న మరేదో పెరిగింది, పారేయాల్సిందే. దొరికిన మొదటి కాలనీని చూసి సంబరపడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

సరుగుడు వేళ్లకూ బుడిపెలుంటాయి. మన తీరమంతా సరుగుడు తోపులే కాబట్టి చెయ్యి అటు వెళుతుంది. వాటిలో ఉండేది ఫ్రాంకియా. ఆ జాతిని విడిగా పెంచడం 1978 దాకా ఎవరి వల్లా సరిగ్గా కాలేదు. దాన్ని తర్వాతి ఏళ్లకు ఉంచుకోండి.

రెండోది నీళ్లలో నిద్ర. రైతులకు తెగుళ్ల కోసం అమ్మే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పొడి ప్యాకెట్టు చాలామంది ఇళ్లలో ఉంటుంది. గడువు తేదీ చూసి తాజాది తెచ్చుకుని, కొద్దిగా నీళ్లలో కలిపి, కింగ్స్-బి మాధ్యమం మీద గీయండి. వచ్చిన కాలనీలను చీకటిగదిలో దొంగనోట్లు పట్టే నీలిలైటు కింద పెడితే పచ్చగా మెరుస్తాయి. చూసినవాళ్లెవరూ ఆ మెరుపు మరచిపోరు. ఈ జాతిని ప్యాకెట్టు నుంచే తీయండి. కాలవ నీళ్ల నుంచో సింకు నుంచో తీస్తే, అలాగే మెరిసే దాని దాయాది, మనుషులకు జబ్బు చేసేది, చేతికి రావచ్చు. తేడా తెలియడానికి ఒక పరీక్ష ఉంది. 42 డిగ్రీల దగ్గర ఫ్లోరెసెన్స్ పెరగదు, ఆ దాయాది పెరుగుతుంది. పెరిగిందంటే మూత తీయకుండా నాశనం చేయండి.

దీన్ని దాచడానికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లు చాలు. చిన్న స్క్రూ మూత సీసాల్లో సగం దాకా పోసి, మూత కాస్త వదులుగా పెట్టి ప్రెషర్ కుక్కర్‌లో పూర్తి ఒత్తిడి వచ్చాక 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. ఆ ఒత్తిడిలో లోపల సుమారు 121 డిగ్రీలుంటుంది. చల్లారాక ఒక్క కాలనీ నుంచి లూపుతో ధారాళంగా తీసి ఆ నీళ్లలో కలిపి మూత బిగించండి. తినడానికి ఏమీ లేదు కాబట్టి పెరగదు, ఎండిపోదు కాబట్టి త్వరగా చావదు. ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే మూల, నేలకు దగ్గరగా పెట్టండి. తడి ఇసుక కుండలో పెడితే చల్లబడుతుందని కొందరు చెబుతారు. అది రాయలసీమ పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. మన దగ్గర గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆ చల్లదనం అంతంతే.

మూడోది ద్రవ పారఫిన్. మందుల షాపులో దొరుకుతుంది. స్లాంట్ మీద, అంటే గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టించిన అగార్ మీద, కల్చర్ బాగా పెరిగాక, శుద్ధిచేసిన పారఫిన్‌ను అగార్ పై అంచుకు ఒక సెంటీమీటరు ఎత్తు దాకా పోసి, గొట్టాన్ని నిలువుగా ఉంచాలి. గాలి అందదు, అగార్ ఎండదు. మామూలు స్లాంట్ నెలా రెండు నెలల్లో మార్చాల్సి వస్తే, నూనె కింద చాలా జాతులు ఏడాది దాకా ఆగుతాయి. ఒక జాగ్రత్త. నూనె అంటిన లూపును నేరుగా దీపంలో పెడితే చిటపటమని బతికున్న కణాలను చిమ్ముతుంది. ముందు స్పిరిట్‌లో కడగండి, ఆరనివ్వండి, ఆ తర్వాతే మంట. స్పిరిట్ గిన్నెను మంటకు దూరంగా ఉంచండి.

బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాను దాచడం వీటన్నిటికంటే తేలిక. మేత తగ్గినప్పుడు అది తనంతట తానే గట్టి స్పోరుగా మారిపోతుంది. పేరున్న చోట తీసుకున్న కల్చర్‌ను వారం రోజులు పెరగనిచ్చి, శుద్ధిచేసిన వడపోత కాగితం ముక్కల మీద చుక్కలుగా వేసి, ఆరబెట్టి, సిలికా జెల్‌తో సీసాలో మూసేస్తే ఏళ్లు ఉంటుంది. మళ్లీ కావాలంటే ఒక ముక్క ద్రవంలో వేయడమే. మట్టి నుంచి తీసిన ఏదో ఒక బాసిల్లస్‌ను మాత్రం ఇలా దాచకండి, ఆ కుటుంబంలో అన్నం మీద పెరిగి వాంతులు పుట్టించేవీ ఉన్నాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది నౌపడ ఉప్పు. ఎక్కడి ఉప్పు మళ్లలోనైనా నీరు చిక్కబడి గింజ కట్టే దశలో గులాబీ, ఎరుపు రంగులు వస్తుంటాయి. ఆ రంగు ఉప్పును ప్రేమించే సూక్ష్మజీవులది. కచ్చితంగా చెప్పాలంటే వాటిలో ముఖ్యమైనవి బ్యాక్టీరియా కూడా కావు, ఆర్కియా. ఆ తేడాను 1977లో కార్ల్ వోస్ బయటపెట్టాడు. ఉప్పు గింజ కట్టేటప్పుడు వీటిలో కొన్ని లోపలి నీటి బుడగల్లో చిక్కుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి. అంటే నిల్వ పని ఉప్పే చేసిపెట్టింది. మడి దగ్గర అడిగి తెచ్చుకున్న శుద్ధిచేయని కల్లుప్పును పొడి సీసాలో ఉంచండి. పెంచాలంటే లీటరు నీటికి 200 నుంచి 250 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల ఎప్సమ్ సాల్ట్, కొద్దిగా ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్. వెలుతురు తగిలే కిటికీలో వారాల తరబడి ఉంచాలి. మే నెల వేడి మిగతా కల్చర్లకు గండమైతే వీటికి పండగ. మంచినీళ్లు తగిలితే ఇవి పగిలి చచ్చిపోతాయి కాబట్టి ఇంట్లో ఎక్కడ ఒలికినా వంటింట్లో స్థిరపడే భయం లేదు. ఏడో తరగతి పిల్లకు మొదటి కల్చర్ ఇవ్వాలంటే నేను ఇదే ఇస్తాను.

దాచకూడనివి కూడా చెప్పాలి, ఉద్దానంలో మరీ గట్టిగా చెప్పాలి. కిడ్నీ జబ్బుతో ఇక్కడ ప్రతి ఇంటికీ నీళ్ల మీద అనుమానం ఉంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలైంది, జబ్బు మూలం మీద పరిశోధన ఇంకా సాగుతోంది. ఇంటి ల్యాబులో బావినీళ్లు పళ్లెం మీద పోసి పెరిగినవాటిని చూపి ఇదే కారణమని చెప్పడం పక్కింటివాళ్లను భయపెట్టడమే అవుతుంది. నీళ్లలో మల కాలుష్యం ఉందా అన్న ప్రశ్న వేరు, దానికి సులువైన పరీక్ష ఉంది. 1982లో మన దేశ శాస్త్రవేత్తలు మంజా, మౌర్య, రావు ప్రచురించిన హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష అది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైన నీరు నల్లబడుతుంది. ఆ నల్లబడ్డ సీసా మాత్రం కల్చర్ కాదు. అందులో జబ్బు చేసేవి ఉండవచ్చు. మూత విప్పకండి, వేరే పళ్లెం మీదకు తీయకండి. గొంతు, పుండు, పశువుల పేడ, పాడైన మాంసం, ఇవేవీ ఇంటి ల్యాబులోకి రాకూడదు. జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవుల నిల్వకు 1989 నుంచి దేశంలో ప్రత్యేక నియమాలున్నాయి, వాటి చోటు సంస్థల్లోనే.

1940లో జర్మనీ సైన్యం ఇంగ్లండు మీదకు దిగుతుందన్న భయం ఉన్నప్పుడు, ఆక్స్‌ఫర్డ్‌లో పెనిసిలిన్ మీద పనిచేస్తున్న ఫ్లోరీ బృందం తమ కోట్ల లోపలి గుడ్డకు ఆ బూజు స్పోర్లను రుద్దుకుంది. ల్యాబు పోయినా, ఒక్కరు తప్పించుకున్నా, బూజు బతుకుతుందని. మీరు అంత దూరం పోనక్కర్లేదు. ప్రతి కల్చర్‌కూ రెండు ప్రతులు, రెండు పద్ధతుల్లో, రెండు ఇళ్లలో ఉండాలి. ఒకటి మీ దగ్గర నీళ్లలో ఉంటే, రెండోది టెక్కలిలో పిన్నిగారింట్లోనో, మీ సైన్సు మాస్టారి దగ్గరో పారఫిన్ కింద ఉండాలి. రెండూ తీరం ఊళ్లోనే ఉంటే రెండో ప్రతి ఉన్నా లేనట్టే. ఒకటి కాస్త లోపలికి, సముద్రానికి దూరంగా పంపండి.

రెండు ప్రతులూ ఒకే చిట్టాకు కట్టుబడాలి. సీసాకు అంటించిన కాగితం మీద పెన్సిలుతో రాయండి, స్పిరిట్ తగిలితే పెన్ను చెరిగిపోతుంది. జాతి పేరు, ఎక్కడినుంచి తెచ్చారు, ఏ తేదీన, ఏ మాధ్యమం మీద, అసలు నుంచి ఎన్నోసారి తిరగవేసింది. ఈ చివరి అంకెను చాలామంది రాయరు, ఇందాకటి 2400 తరాల లెక్క గుర్తుంటే మాత్రం రాస్తారు. ఎక్కడినుంచి అన్నది ఎంత కచ్చితంగా రాయాలో ఆరియోమైసిన్ అనే మందు కథ చెబుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిస్తుండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ వేలకొద్దీ మట్టి నమూనాలు పరీక్షించి బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్‌ను పట్టాడు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. ఆ మట్టి మిస్సోరీ విశ్వవిద్యాలయం శాన్‌బార్న్ క్షేత్రంలో 23వ మడిదని ఇవాళ్టికీ చెప్పగలుగుతున్నాం. 'అమెరికా మట్టి' అని రాసి ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు. మీ చిట్టాలో కూడా 'టెక్కలి మినుము' అని ఆపకండి. ఊరు, మడి ఎవరి గట్టు పక్కన, వరి కోసిన ఎన్ని రోజులకు, ముందు ఏ ఎరువు వేశారు, అన్నీ రాయండి.

నిల్వ పెట్టిన నాడే కల్చర్‌ను ఒకసారి తీసి పెంచి చూడాలి. నిల్వ చేసే ముందే చచ్చినదాన్ని భద్రంగా దాచుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. తర్వాత ఆరు నెలలకోసారి ఒక సీసా తెరిచి గీసి చూడండి, రంగు, అంచు, పెరిగే వేగం పాత రాతతో పోల్చండి. తెరిచిన సీసాను తిరిగి మూసి దాచకండి, అందుకే మొదట్లోనే అయిదారు సీసాలు చేయాలి. తేడా వస్తే ఆ వరుస మొత్తం వదిలేసి రెండో ఇంటి ప్రతి నుంచి మొదలుపెట్టండి. వర్షాకాలంలో దూది బిరడాలు బూజు పడతాయి, కంటికి కనబడని పురుగులు ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి ఆ బూజును మోసుకెళతాయి. జూన్ వచ్చేలోపు దూది తీసేసి స్క్రూ మూతలు పెట్టుకోండి.

పారేసేవాటికి వేరే కుక్కర్ ఉండాలి. వంటకు వాడేది ఎన్నడూ వాడవద్దు, తర్వాత కడిగినా సరే. మూత వదులు చేసిన గొట్టాలను అందులో అరగంట పెట్టి, ఒత్తిడి పూర్తిగా దిగాకే తెరవండి. కుక్కర్ లేని రోజున బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో పూర్తిగా మునిగేలా అరగంటకు పైగా ఉంచండి. పళ్లేలు, గొట్టాలు పిల్లలకు, కోళ్లకు, కుక్కలకు అందని చోట పెట్టండి. ఈ పనిని రేపటికి వాయిదా వేసేవాళ్లు ఇంటి ల్యాబు పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

సందేహం వచ్చినప్పుడు అడగడానికి జిల్లాలోనే మనుషులున్నారు. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైరా వ్యవసాయ కళాశాల, మీ ఊరికి దగ్గరి డిగ్రీ కాలేజీ జీవశాస్త్ర విభాగం. వెళ్లేటప్పుడు సీసా తీసుకెళ్లకండి, చిట్టా తీసుకెళ్లండి. నిర్ధారిత జాతి కావాలంటే చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణేలోని ఎన్‌సీఐఎం వంటి జాతీయ సేకరణలున్నాయి, కాలేజీ ద్వారా అడగడం మేలు. రెండో ప్రతి దాచిపెట్టే వారికి సీసాతోపాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. ఇది ఏమిటి, ఎందుకు తెరవకూడదు, పగిలితే బ్లీచింగ్ పౌడర్ నీళ్లు ఎలా పోయాలి, మీ ఫోను నంబరు ఏది, ఈ నాలుగూ తెలుగులో, పెద్ద అక్షరాల్లో.